పాడుపెట్టిన అర్రల రికార్డు డబ్బ

కొత్తగ వచ్చెటోళ్లకు

డిష్ దానేలంటె వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్ దిక్కు ఒకప్పుడు తెల్వనోళ్లు తక్కువ. ఇప్పుడు మోకాళ్లు నా మాట ఇంటలేవు. మిద్దెలెక్కుడు బందు పెట్టి ఇంట్ల కూసున్న. కాళ్లు బందైనయి గని నోరు బందుకాలె, అందుకె ఇది రాస్తున్న. ఈ పనిలకు కొత్తగ వస్తున్న తమ్ముండ్లు వింటె వినుండ్రి, లేకుంటె మీ ఇష్టం.

వైరు ఎట్ల గుంజాలె, డిష్ పళ్లెం ఏ దిక్కుకు తిప్పాలె, ఇవన్ని మీకు కంపెనోళ్లు నేర్పిస్తరు. అది పెద్ద విద్య కాదు. ఈ పనంటె మిద్దెలెక్కుడు అనుకుంటరు మీరు. కాదు. ఈ పనంటె మంది ఇండ్లల్ల లోపటి అర్ర దాక పోవుడు. డాక్టరైనా మంచం దాకనె వస్తడు. మనం మంచం కిందికి దూరి వైరు గుంజుతం. ఎవరు ఎవరితోని మాట్లాడరో, ఎవరు ఏడ పండుకుంటరో, ఎవరి టీవీ మీద దుమ్మున్నదో, అన్ని మనకు కనవడతయి. అడగకున్నా కనవడతయి.

మా నాయిన కట్టపని చేసినోడు. ఎక్కడ కట్ట కడుతుంటె అక్కడికి తట్ట, పార పట్టుకొని పోయెటోడు. ఊర్ల పెద్దోళ్ల ఇండ్లకు పోతె వాకిట్లనె నిలవెట్టేటోళ్లు. నీళ్లు గూడ పైకెల్లి దోసిట్ల పోసేటోళ్లు. గవే ఇండ్లల్ల నేను డ్రిల్లు మిషిను పట్టుకొని దేవునర్ర పక్క గోడకు తొర్ర కొట్టిన. టీవీల బొమ్మ రావాలంటె ఎవ్వడు కులం అడగడు. కోపం లేదంటె అబద్ధమైతది. ఉన్నది. కని ఆ కోపాన్ని పనికాడికి తీస్కపోలె, అంతె.

అర్రకొక డబ్బ

మొదట్ల ఇంటికొక డిష్ పెడితెనె ఊరంత చూసిపోతుండె. ఆ తర్వాత కొన్నేండ్లకు రికార్డు డబ్బలు వచ్చినయి. మీకు ఇప్పుడు నవ్వొస్తది గని, అప్పుడు అది పెద్ద వింత. పోగ్రాం నడుస్తుంటె నొక్కితె ఆగుతది. మల్ల నొక్కితె ఆగిన కాడి నుంచి నడుస్తది. మనం ఇంట్ల లేకున్నా టైముకు తనంత తనే లేచి, పోగ్రాం దాచిపెట్టి, మల్ల పండుకుంటది. ఒక్క డబ్బకు రెండు వైర్లు గుంజాలె, ఒకటి చూసెటందుకు, ఇంకోటి దాచిపెట్టెటందుకు. నాలుగు అర్రలున్న ఇంట్ల అర్రకొక డబ్బ పెట్టాలంటె మిద్దె మీది నుంచి వైర్లు జడలెక్క దిగుతయి. ఆ పని చేసి చేసి నా నడుము పాయె.

నాకు పని నేర్పింది వనపర్తిల మా దుకాణం యజమాని రఫీ సేటు. నోరు మంచిది కాదు, మనసు మంచిది. "అరె దానేలు, ఎవరింట్లకు పోయినా చెప్పులతోపాటు చెవులు గూడ బయటనె ఇడిసిపెట్టు" అని పొద్దున్నె మొదలుపెట్టేటోడు. నేను చెవులు ఇడువలేకపోయిన. అది వేరె సంగతి.

ఒకసారి నాగర్‌కర్నూల్ల ఒక వకీలు ఇంట్ల మూడు డబ్బలు పెట్టివచ్చిన. తెల్లారి వకీలు ఫోను చేసి ఒకటే లొల్లి. పడకటింట్ల టీవీ తనంత తనే పాటలకు పోతుందంట, తనంత తనే బందైతుందంట. ఆయన పెండ్లాము నిమ్మకాయలు గూడ కట్టింది. నేను పోయి పొద్దంత చూసినా ఏం దొరకలె. ఆఖరికి రఫీ సేటు వచ్చి, తల పైకెత్తి వెంటిలేటరు దిక్కు చూసి ఒక్క తిట్టు తిట్టిండు. ఒక్క కంపెని డబ్బలైతె ఒక్కదాని రిమోటు అన్నిటికి పనిచేస్తది. హాల్ల పిల్లలు రిమోటు ఒత్తితె ఆ వెలుగు అద్దం లేని వెంటిలేటరులకెల్లి దూరి, లోపటి సున్నం గోడకు తాకి, అక్కడి డబ్బ మీద పడుతుంది. "గాలి పోయెకాడికి రిమోటు గూడ పోతది, యాదిపెట్టుకో" అన్నడు సేటు. అట్టముక్క అడ్డం పెట్టినం, దయ్యం పోయింది.

అప్పటి సంది ఎవరింట్ల టీవీకి దయ్యం పట్టిందన్నా నేను ముందుగల వెంటిలేటరు దిక్కె చూస్తుంటి. ఆత్మకూరుల గూడ చూసిన. చూసి, అంత తెలిసిపోయిందనుకున్న.

కుర్మయ్య పెద్దాయన

ఆత్మకూరుల కుర్మయ్య పెద్దాయనది రాతి గోడల పాత ఇల్లు. శెనగ, వరి చేసేటోళ్లు. ఆయన, ఆయన భార్య బుచ్చమ్మవ్వ ఒక అర్ర. పెద్దకొడుకు రాములు, ఆయన భార్య ఒక అర్ర. చిన్నకొడుకు, ఆయన భార్య జయమ్మ ఒక అర్ర. నడుమ పెద్ద పడసాల. చిన్నకొడుకు లారీ మీద పోతె వారాలకు వారాలు రాడు. ఆ ఇంట్ల అన్ని అర్రలల్ల రికార్డు డబ్బలు నేనె పెట్టిన.

పెద్దాయనకు సగం చెముడు. టీవీ సౌండు పెడితె బజారు దాక ఇనవడేది. పొద్దుగూకంగ వచ్చే నవ్వుల పోగ్రాం ఒక్కటి ఆయనకు పాణం. కరెంటు వచ్చిన టైముకు మోటరు కాడికి పోవాలె గదా, అందుకె ఆ పోగ్రాం రోజు దాచిపెట్టేటట్టు నాతోని టైమరు పెట్టించుకున్నడు. "ఇది మంచి దొంగ దానేలు. నేను చేన్ల ఉంటె ఇది ఇంట్ల నా కోసం దొంగతనం చేస్తది" అని నవ్విండు.

అన్నిటికంటె ఆయనకు నచ్చింది ఆపే బటను. ఇద్దరు టీవీ ముందరనె కూసొని తినేటోళ్లు. నడుమల బుచ్చమ్మవ్వ ఉప్పుకో, మజ్జిగకో లేస్తె ఆయన టక్కున ఆపేటోడు. "ఆమె లేకుంట నేనొక్కన్ని నవ్వితె పిచ్చోన్నంటరు" అన్నడు నాతోని. మొగుడు పెండ్లాము కోసం నవ్వు గూడ ఆపుకునుడు నేను ఆ ఇంట్లనె చూసిన. మా ఇంట్ల చెప్తె మా ఆమె నన్ను ఎగాదిగ చూసింది.

ఆ పెద్దాయన గట్ల తినుకుంటనె పోయిండు. ముందటి దినం దాచిపెట్టిన పోగ్రాం చూస్తుండ్రంట. బుచ్చమ్మవ్వ మజ్జిగకు లేచింది. ఆయన ఆపిండు. ఆమె లోట పట్టుకొని వచ్చేసరికి గోడకు ఒరిగి ఉన్నడు. తెరమీది బొమ్మ ఆగినట్టె ఆగి ఉన్నది.

ముళ్లకంప

ఆయన పోయిన నక్షత్రం మంచిది కాదన్నడు అయ్యగారు. మన దిక్కు అసొంటప్పుడు ఇల్లు పాడుపెడతరు. అంటె తాళమేసి, దర్వాజకు ముళ్లకంప కొట్టి, చెప్పిన నెలలు దాటెదాక ఎవ్వరు లోపటికి పోవద్దు. ఇల్లంత ఇడిసి ఏడికి పోతరు? అందుకె పాణం పోయిన అర్ర ఒక్కటె పాడుపెట్టిండ్రు. ఆరు నెలలు.

పెద్దాయన బట్టలు, మంచం, చెప్పులు అన్ని చాకలోళ్లకు ఇచ్చిండ్రు. టీవీని, డబ్బను మాత్రం ముట్టలె. అవి మిద్దె మీది పళ్లానికి కట్టి ఉన్నయి గదా, ఆయన ఒక్కని సొమ్ము కాదనుకున్నరు. రాములు రిమోటుతోని డబ్బ బందు చేసిండు. టీవీ బందు చేసుడంటె మన దిక్కు డబ్బ బందు చేసుడే గద, టీవీ మీటను ఎవ్వరు ముట్టరు. దానికితోడు, అర్రల ఆరు నెలలు దీపం ఆరొద్దని అయ్యగారు చెప్పిండంట. రోజు లోపటికి పోయి నూనె పోసెటోడు ఎవడు? అందుకె ఎర్ర సున్నా బల్బు ఏసి, తాళం పెట్టిండ్రు. కరెంటోళ్లు రోజు ఆర్పుతనె ఉన్నరు, అది లెక్కకు రాదంట.

ఇగ అర్థమైంది గదా ఏం చేసిండ్రో. కరెంటు ఉన్నది, టీవీ ఉన్నది, టైమరు ఉన్నది. మనిషి ఒక్కడె లేడు.

రాములు వనపర్తికి వచ్చి మా దుకాణం ముందర నిలవడ్డడు. మనిషి ఎండిపోయి ఉన్నడు. "దానేలు, మా నాయిన అర్రల నవ్వుతుండ్రు" అన్నడు. నేను నవ్వలేకపోయిన. ఆయన మొకం గట్లున్నది.

"ఎవరు నవ్వుతుండ్రు అన్నా?"

"శానమంది. పొద్దుగూకంగ మొదలైతది. తలుపు కింద నీలం వెలుగు వస్తది. అమ్మ పోయి ఆ తలుపు కాడనె కూసుంటది. నాయిన పోయిన కాడి నుంచి అన్నం ముట్టలె ఆమె. గంజి తాపినా కక్కింది. ఆత్మకూరు దవాఖానల సూదులేయించినం, లాభం లేదు. ఇప్పుడు ఆ నవ్వు ఇనవడితెనె తింటది, లేకుంటె లేదు. ఇది మంచిదంటవా? నాయిన పిలుచుకుంటుండు దానేలు. తిండి పెట్టి పెట్టి ఒకనాడు తీస్కపోతడు."

తర్వాత జర దగ్గరికి జరిగి మెల్లగ అన్నడు. "మీకు నక్షత్రాలు లేవు గద. నువ్వు యేసును మొక్కుతవు. నువ్వు లోపటికి పోయి దాన్ని బందు చేసి రా. నీకేం కాదు."

మా నాయినను వాకిలి దాటనియ్యని ఇల్లు అది. ఇప్పుడు వాళ్లె దాటని గడప నన్ను దాటమంటుండ్రు. "నక్షత్రాలు లేవు గని భయం ఉన్నది అన్నా. ముందుగల వచ్చి చూస్త" అన్న.

పొద్దుగూకంగ

ఆత్మకూరు బస్సుల పోతుండంగనె నాకు లెక్క అర్థమైంది. టైముకు డబ్బ లేస్తది, బొమ్మ, సౌండు టీవీకి పంపిస్తది. పోగ్రాం అయిపోంగనె పండుకుంటది. టీవీకి ఏం రాకుంటె నీలం తెర వేసుకొని మూగగ ఉంటది. ఇంతె. ఇంటికి పోయినంక రాములును కూసోబెట్టి ఇదంత చెప్పిన. జర తేటపడ్డడు. "అయితె మిద్దె మీద వైరు కోసెయ్ రా. లోపటికి పోయే పనె లేదు" అన్నడు.

"కోస్త. ఒక్కసారి నా చెవులతోని ఇని కోస్త" అన్న.

పడసాలల గోడకు ఒరిగి కూసున్న. ఎదురుంగ పాడుపెట్టిన అర్ర. దర్వాజకు అడ్డం తుమ్మకంప, ఎండి నల్లగైంది. తలుపు కిందికెల్లి ఎర్ర బల్బు వెలుగు సన్నగ వస్తుంది, దానిమీద నీలం. చీకటి పడుతుంది. పోగ్రాం టైము వచ్చింది. ఏం లేదు. టైము దాటింది. ఏం లేదు. ఊకె భయపడ్డరని నేను లేవబోయిన.

అప్పుడు బుచ్చమ్మవ్వ వచ్చింది. మనిషి సగం అయింది. తినే తలెల రొట్టె, పప్పు పెట్టుకొని, ముళ్లకంప ముందర కూసున్నది. నన్ను చూసి "ఎప్పుడొస్తివి బిడ్డ" అన్నది మామూలుగ. నేను సమాధానం చెప్పకముందె తలుపు దిక్కు తిరిగి, ఇంట్ల మనిషిని పిలిచినట్టె పిలిచింది.

"ఓయ్, తిందాం రా."

లోపట టీవీ మోగింది.

ఎవరో మొగగొంతు, గట్టిగ ఏందో అన్నది. తలుపు కింద నీలం వెలుగు కదిలి తెల్లగైంది. భయపడ్డ తమ్ముండ్లు, దాచిపెట్టుకునుడు ఎందుకు. టైమరు మనిషి పిలిస్తె పలకదు. అది నాకు తెలుసు. నా నోట్లకెల్లి యేసయ్యా అన్న మాట తనంత తనే వచ్చింది. రాములు నా దిక్కు చూసిండు, ఇప్పుడు చెప్పు అన్నట్టు.

బుచ్చమ్మవ్వ రొట్టె తుంచుకొని తింటుంది. తినుకుంట నాతోని మాట్లాడుతుంది. "ఆనాడు బట్టతలాయన నీళ్ల బొక్కెన ఎత్తిండు బిడ్డ. ఎవరి మీద పోస్తడో చూద్దాం, జల్ది రా అన్నడు మా ఆయన. నేను మజ్జిగ తెచ్చేసరికి ఆయనె లేడు. ఆ బొక్కెన ఎవరి మీద పడ్డదో తెల్వకనె పాయె."

ఇంత భయంల గూడ నా కండ్లు పాత అలవాటుకొద్ది వెంటిలేటరు దిక్కు పోయినయి. ఆ అర్ర వెంటిలేటరు పక్క సందుల దిక్కు ఉంటది. చప్పుడు చెయ్యకుంట లేచి సందులకు పోయిన.

సందుల చీకట్ల జయమ్మ నిలవడి ఉన్నది. రాయచూరు దిక్కు పిల్ల, అప్పటికి కడుపుతోని ఉన్నది. చెయ్యి కొంగు కింద దాచుకున్నది. కొంగు కింద రిమోటు. నన్ను చూసి పాణం పోయినంత పని అయింది ఆమెకు. నోటిమీద వేలు పెట్టుకున్నది.

మిద్దె మీద

రాములు వైరు కోయమని ఒకటె తొందర. నేను కటింగ్ ప్లేయరు పట్టుకొని మిద్దెక్కిన. ఆరేసిన బట్టలు తెస్తనని జయమ్మ నా ఎనక వచ్చింది. భయమైతె ఆమెకు రాయచూరు మాట వస్తది.

"బేడ అన్నా, బేడ. కోయకు" అని రెండు చేతులెత్తింది. "మొదట్ల అది తనంత తనే మోగేది, అత్త తినేది. ఆ నవ్వుల పోగ్రాం చానలోళ్లు బందు పెట్టిండ్రు. అప్పటి సంది డబ్బ లేవలె. అత్త మల్ల తినుడు బందు చేసింది. నాలుక పిడచగట్టింది అన్నా, నేను చూసిన. ఒకనాడు సందుల పోతుంటె నా చేతుల రిమోటు ఒత్తుకున్నది, లోపట టీవీ మోగింది. అత్త లేచి తలె తెచ్చుకున్నది. ఇగ రోజు ఆమె పిలువంగనె నేను ఒత్తుతున్న."

"ఎవరికన్న చెప్పినవా?"

"ఎవరికి చెప్పాలె? బావ ఇంటె నన్ను దొంగదంటడు. సెల్లులు అయిపోతె తెమ్మందామంటె ఎందుకంత జల్ది అయిపోయినయని అడుగుతరు. మామ రిమోటు పడసాల గూట్ల ఉంటె దాంట్ల సెల్లులు తీసి నా దాంట్ల ఏసుకున్న. ఆ ఖాళీ రిమోటు గూడ తర్వాత కనవడలె, చాకలోళ్లకు పోయిన బట్టలల్ల పోయిందనుకున్న."

నేను కటింగ్ ప్లేయరు జేబుల పెట్టుకున్న. తమ్ముండ్లు, మనకు ఫోను చేసినోడు ఒకడుంటడు, బాధ పడేటోళ్లు ఇంకొకరుంటరు. ముందుగల బాధ ఎవరిదో చూడుండ్రి. కిందికి దిగి రాములుకు చెప్పిన. "అన్నా, ఇది కోస్తె అన్ని అర్రలు బందైతయి. జోడు వైర్లు, వేరె సామాను తేవాలె. అర్ర తెరిచిన నాడు వచ్చి లోపటనె తీసేస్త. లోపట డబ్బ తప్ప ఎవ్వరు లేరు. నామీద నమ్మకం పెట్టు."

సగం అబద్ధం అది. ఇప్పుడు అడిగినా అదే అబద్ధం చెప్త. రాములు గొణుక్కుంట పోయిండు. బుచ్చమ్మవ్వ తలె ఖాళీ అయింది.

కంప తీసిన నాడు

ఆరు నెలలు నిండినంక రాములు పిలిపించిండు. బస్టాండు కాడికి తనే బండి మీద వచ్చిండు. తొవ్వల చెప్పిండు. "జయమ్మ పుట్టింటికి పోయి నెల దాటింది. పిల్ల పుట్టింది. ఇయ్యాల పిల్లను తీస్కొని వస్తుంది."

"మరి అవ్వ తింటుందా?" అన్న.

"తింటుంది. టీవీ రోజు మోగుతనె ఉన్నది గద."

జయమ్మ లేదు. మరి ఎవరు ఒత్తుతుండ్రు? రాములును అడిగితె కురుమూర్తి దేవుని మీద ఒట్టు పెట్టిండు, తనకేం తెల్వదని. పెద్దకోడలు పొద్దుగూకితె ఆ దిక్కె రాదు.

ఇంట్ల అయ్యగారు వచ్చి ఉన్నడు. పట్టపగలు. ముళ్లకంప తీసి కాలవెట్టిండ్రు. తాళం తీసి పసుపునీళ్లు చల్లిండ్రు. ముందుగల ఆ అర్రల ఎవరన్న తినాలెనంట, అప్పుడె పాడు పోతదంట. అందరు అందరి దిక్కు చూసుకున్నరు. ఒక్కడు గడప దాటలె. రాములు నా భుజం మీద చెయ్యేసి, "నీ పని నువ్వు చేస్కో దానేలు" అన్నడు. నేను దాటిన.

లోపట దుమ్ము వాసన, ఎలకల వాసన. ఎర్ర బల్బు మినుకుమంటుంది. టీవీ నీలంగ ఉన్నది. డబ్బ మీద ఎర్ర చుక్క వెలుగుతుంది, పండుకొని ఉన్నదన్నట్టు. ప్లగ్గు గుంజబోయిన.

"ఆగు బిడ్డ."

బుచ్చమ్మవ్వ రెండు తలెలు, లోట పట్టుకొని లోపటికి వచ్చింది. మొగుడు కూసునే కాడ ఒక తలె పెట్టింది. "కూసో. ఒక్కదాన్ని తినబుద్ధి కాదు" అన్నది.

"అవ్వా, నేనా? ఈడనా?"

"నువ్వే. నీకు బువ్వ పెట్టనీకె నేను ఎవర్ని అడగాలె?"

కూసున్న. మా నాయిన యాదికొచ్చిండు. అవ్వ నడుము కాడ చెక్కుకున్న ఒక వస్తువు తీసి తలెల నడుమ పెట్టింది. పెద్దాయన రిమోటు. "అన్ని ఇచ్చేసిండ్రు. ఇదొక్కటి నేను దాచుకున్న" అన్నది. తర్వాత గొంతు తగ్గించింది. "ఆ పిల్ల సందుల నిలవడి ఒత్తేదని నాకు తెల్వదనుకున్నవా? గాజులు చప్పుడు కావా? కడుపుతోని ఉన్న పిల్ల నా కోసం గంత తిప్పల పడుతుంటె తినకుంట ఎట్లుంటనయ్యా. నేను తినకుంటె ఆమె కానుపుకు పుట్టింటికి గూడ పోకపోతుండె. ఆమె పోయినంక దీంతోని నేనె ఒత్తుకుంటున్న."

నా పాణం కుదుటపడ్డది. ఇదా సంగతి అనుకున్న. ఊకె అలవాటుకు రిమోటు చేతులకు తీస్కున్న. తేలికగ ఉన్నది. ఎనక మూత తీసిన.

సెల్లులు లేవు. సెల్లులుండే కాడ దుమ్ము.

మూత పెట్టి మల్ల ఆడనె పెట్టిన. అవ్వ నా దిక్కు చూస్తలేదు. లోటల మజ్జిగ నా ముందరున్న తలెల పోసింది, తన తలెల పోసుకున్నది. రోజు అనే మాట అనలె ఆనాడు.

"ఓయ్, మజ్జిగ తెచ్చిన. ఇగ నడిపియ్యి" అన్నది. రిమోటు మీద వేలు పెట్టి ఒత్తింది.

డబ్బ మీద ఎర్ర చుక్క పచ్చగైంది. నీలం తెర పోయింది. టీవీల బట్టతలాయన నీళ్ల బొక్కెన ఎత్తి పట్టుకొని నిలవడి ఉన్నడు. దాచిపెట్టిన పోగ్రాం అది, పెద్దాయన ఆపిన కాడనె. జయమ్మ ఒత్తినన్ని దినాలు చానల్ల ఏదొస్తె అది మోగింది గని, ఇది ఎన్నడు రాలె. రావాలంటె తెర మీద చూసి ఏరుకోవాలె.

జయమ్మ ఒత్తిందేమోనని నేను దర్వాజ దిక్కు తిరిగిన. ఆమె వచ్చి ఉన్నది, గడప అవతల నిలవడి ఉన్నది. రెండు చేతులల్ల పసిపిల్ల. ఆమె నా చేతుల దిక్కు చూస్తుంది, నేను ఒత్తిననేమోనని. నా చేతులు ఒడిలనె ఉన్నయి. రాములు వాకిట్ల అయ్యగారికి దండం పెడుతుండు, ఈడికి కనవడుతనె ఉన్నడు.

బట్టతలాయన బొక్కెన గుమ్మరించిండు. మెట్ల కింద కొత్త గుడ్డలు కట్టుకొని వస్తున్న తన మామ మీద పడ్డయి నీళ్లు. టీవీల అందరు పగలబడి నవ్విండ్రు. బుచ్చమ్మవ్వ చెయ్యి తలెలనె ఆగింది. తర్వాత నవ్వింది. ఆ ఇంట్ల ఆరు నెలల సంది ఎవ్వరు ఇనని నవ్వు అది. కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, కండ్లల్ల నీళ్లు కారుతుంటె నవ్వింది.

"మామ మీదనె పోసిండు సూడు" అన్నది, నాతోని కాదు.

నాకు తెల్వదు తమ్ముండ్లు. ఇన్నేండ్లు ఈ పని చేసిన, వైరు కొస నుంచి కొస దాక తెలుసు, ఆ డబ్బను ఎవరు నడిపిచ్చిండ్రో మాత్రం తెల్వదు. ఆనాడు నేను ప్లగ్గు గుంజలె. మజ్జిగన్నం కలుపుకొని, ఆమె తలె ఖాళీ అయ్యెదాక ఆమెతోని కూసొని తిన్న.